సైకిల్‌ను బండి గుద్దితే బాధ్యత ఎవరిది? తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురం జిల్లాలో సైకిల్ తొక్కేవాళ్లలో ఎక్కువమంది పొట్టకూటి కోసం తొక్కేవాళ్లే. చీకటితో లేచి పాలు పోసొచ్చేవాళ్లు, పాతూరు నుంచి ఊరి బయటి లేఔట్లకు బేల్దారి పనికి పోయేవాళ్లు, రాత్రి వాచ్‌మన్ డ్యూటీ దిగి ఇంటికొచ్చే పెద్దవాళ్లు, బడిపిల్లలు. వాళ్లను కారో, ట్రాక్టరో, మోటార్‌సైకిలో గుద్దినప్పుడు ఆ ఇంట్లోవాళ్లకు వచ్చే సందేహాలు, బండి నడిపినవాళ్లకు పట్టుకునే భయాలు ఇక్కడ పెడుతున్నాను. ఉచిత న్యాయ సహాయం పనిలో వాలంటీరుగా ఊళ్లు తిరిగేటప్పుడు నన్ను అడిగినవే ఇవన్నీ. చట్టం చెప్పేది చట్టంగా చెప్తాను, నా అభిప్రాయం ఉన్నచోట అది నా అభిప్రాయమనే చెప్తాను.

పెద్ద బండి, చిన్న బండి గుద్దుకుంటే తప్పు ఎప్పుడూ పెద్ద బండిదేనంట కదా?

అలాంటి రూలు మన చట్టంలో లేదు. రోడ్డు మీద గుమిగూడిన జనం అలా తీర్పు చెప్తారు. కారులోంచి దిగింది పలుకుబడి ఉన్న మనిషైతే అదే జనం 'సైకిలాయనే అడ్డమొచ్చినాడు' అని కూడా చెప్తారు. ఆ రెండు తీర్పులూ కోర్టులో నిలబడవు. ఎవరు జాగ్రత్త తప్పారు, ఎంత తప్పారు అన్నదే అక్కడ లెక్క.

అయితే జాగ్రత్త అందరికీ ఒకే కొలత కాదు. 2017లో వచ్చిన మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనలు నడిచేవాళ్లు, సైకిళ్లవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు, వికలాంగుల విషయంలో డ్రైవరు ప్రత్యేకంగా జాగ్రత్త పడాలని చెప్తున్నాయి. టన్ను బరువున్న బండి స్టీరింగ్ చేతిలో ఉన్న మనిషి, ముందు సైకిల్ పోతోందంటే అది కాస్త అటూ ఇటూ ఊగుతుందని ముందే అనుకోవాలి. 'సడన్‌గా ఊగినాడు సార్' అన్న ఒక్క మాటతో బయటపడలేడు.

అసలు 'బాధ్యత' అంటే ఏంటి? పోలీసులు ఒకటి చెప్తారు, లాయరు ఇంకొకటి చెప్తాడు.

ఇద్దరూ వేరే వేరే వాటి గురించి మాట్లాడుతుంటారు, అందుకే గందరగోళం. ఇందులో మూడు సంగతులున్నాయి.

నేరం ఎవరిది అన్నది మొదటిది. పోలీసులు కేసు కడతారు, మేజిస్ట్రేటు కోర్టులో నడుస్తుంది. నష్టపరిహారం ఎవరివల్ల రావాలి అన్నది రెండోది. ఇది మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో తేలుతుంది. జిల్లా కోర్టులే ఆ ట్రిబ్యునల్‌గా కూర్చుంటాయి. ఆ డబ్బు చివరికి ఎవరి జేబులోంచి రావాలి, ఓనరా, బీమా కంపెనీయా అన్నది మూడోది.

మొదటిదాంట్లో ఓడిపోయినా రెండోదాంట్లో గెలవొచ్చు. శిక్ష వేయాలంటే అనుమానానికి తావు లేకుండా నేరం రుజువు కావాలి. ట్రిబ్యునల్‌లో అంత అక్కర్లేదు, రెండు వాదనల్లో ఏది ఎక్కువ నమ్మదగ్గదో చూస్తారు. క్రిమినల్ కేసు కొట్టేశారని ఇంటికొచ్చి కూర్చున్న కుటుంబాలను చూస్తే నాకు బాధేస్తుంది. ఆ కేసు పోయినా పరిహారం హక్కు పోదు.

పోలీసులు ఏ సెక్షన్లు పెడతారు?

2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉంది. నిర్లక్ష్యంగా నడిపితే 281, దెబ్బలు తగిలితే 125, ప్రాణం పోతే 106. చివరిదానికి ఐదేళ్ల దాకా జైలు ఉంటుంది. పారిపోతే పదేళ్లు అని ఇంకో ఉపసెక్షన్ రాశారు కానీ, లారీ డ్రైవర్ల సమ్మె తర్వాత దాన్ని అమలు చేయకుండా ఆపి ఉంచారు. సెక్షన్ 281లో ఉన్నది 'ఏ వాహనమైనా' అన్న మాట. కాబట్టి ఆ కేసు సైకిల్ తొక్కినవాళ్ల మీద కూడా పెట్టొచ్చు.

ఎఫ్ఐఆర్ కాపీ ఫిర్యాదు ఇచ్చినవాళ్లకు ఉచితంగా ఇవ్వాలి. స్టేషన్‌లో తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపండి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి పోవచ్చు.

ఎవరిది తప్పో ఎలా తేలుస్తారు? చూసినవాళ్లు ఎవరూ లేరు.

సైకిల్ చూసింది. ఈ ప్రశ్నకు కొంచెం పొడుగ్గా జవాబు చెప్పాలి, ఎందుకంటే సైకిల్ మనిషి కేసు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

వెనకనుంచి గుద్దిన బండి అయితే సైకిల్ వెనక చక్రం లోపలికి మడుస్తుంది, మడ్‌గార్డు నలిగి టైరుకు అతుక్కుంటుంది, క్యారియర్ సీటు కిందికి దూరుతుంది. ముందు చక్రం గుండ్రంగా, హ్యాండిల్ నిటారుగా అట్లే ఉంటాయి. పక్కనుంచి తగిలితే పెడల్ క్రాంక్ వంగుతుంది, ఒక పక్క హ్యాండిల్ గ్రిప్ మీద, బ్రేక్ లివర్ మీద గీతలుంటాయి. ఎదురుగా అయితే ముందు ఫోర్కు వెనక్కి వంగి చక్రం ఫ్రేముకు తగులుతుంది. గుద్దిన బండి పెయింటు పొట్టు సైకిల్‌కు, సైకిల్ రబ్బరు మరక ఆ బండి బంపర్‌కు అంటుకుంటాయి. 'అడ్డంగా వచ్చి నా బండికి తగులుకున్నాడు' అని డ్రైవరు చెప్పినప్పుడు, వెనక చక్రం ఒక్కటే నలిగిన సైకిల్ ఆ మాట అబద్ధమని చెప్తుంది.

కానీ జరిగేదేంటి? బంధువులెవరో ఆ సైకిల్‌ను ఆటోలో వేసుకొచ్చి ఇంటి వెనక పడేస్తారు. నెల తిరక్కుండా పాత ఇనుము కొనేవాడికి పోతుంది. లేదా తమ్ముడు చక్రం మార్పించి తొక్కుకుంటాడు. మోటారు బండినైతే బ్రేక్ ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి రిపోర్టు రాస్తారు, సైకిల్‌ను ఎవరూ పట్టించుకోరు. అందుకే చెప్తున్నాను, సైకిల్‌ను కూడా సీజ్ చేసి పంచనామాలో రాయమని స్టేషన్‌లో గట్టిగా అడగండి. రాసినా రాయకపోయినా నాలుగు పక్కల నుంచీ ఫోన్‌లో ఫోటోలు తీయండి. కేసు తేలేదాకా దాన్ని ముట్టుకోవద్దు.

తర్వాత చూడాల్సింది స్థలం. రోడ్డు మీద గాజు పెంకులు ఎక్కడ పడ్డాయి, టైరు గీతలు ఎంత పొడవున్నాయి, మనిషి పడ్డచోటు రోడ్డు అంచుకు ఎంత దగ్గర. పోలీసులు గీసే రఫ్ స్కెచ్‌లో ఇవి ఉండాలి. దగ్గర్లో పెట్రోలు బంకు, దాబా, కల్యాణ మండపం ఉంటే సీసీ కెమెరా ఉంటుంది. ఆ రికార్డు కొన్నాళ్లకు దానంతటదే చెరిగిపోతుంది కాబట్టి పెద్దకర్మ అయ్యాక చూద్దాం అనుకోవద్దు. ఇంటివాళ్లు దుఃఖంలో ఉంటారు కాబట్టి ఈ పని మేనమామో, పక్కింటివాళ్లో చేసిపెట్టాలి.

రాంగ్ రూట్‌లో వస్తున్న సైకిల్‌ను గుద్దితే?

సైకిలాయన తప్పు ఉన్నట్టే, దాచడానికేం లేదు. సైకిల్ కూడా ఎడమ పక్కనే పోవాలి. 44వ నంబరు హైవే మీద రాప్తాడు దగ్గరో, సోములదొడ్డి దగ్గరో డివైడర్ గ్యాప్ దూరమని ఎదురు ట్రాఫిక్‌లో అంచు పట్టుకుని వచ్చేవాళ్లు చాలామంది. వాళ్ల ఇబ్బంది నాకు తెలుసు. పక్కనే ఉన్న చేనుకు పోవడానికి ఎండలో అంత దూరం చుట్టు తిరిగి రమ్మంటే ఎవరికైనా కష్టమే. అయినా ప్రమాదం జరిగితే పరిహారంలో కోత పడుతుంది.

కోత పడుతుందంటే మొత్తం పోతుందని కాదు. డ్రైవరు స్పీడ్‌గా వచ్చాడా, ఫోన్ చూస్తున్నాడా, పగటి వెలుతురులో ఎదురుగా వచ్చే సైకిల్ అంత దూరం నుంచే కనబడలేదా అన్నవి కూడా చూస్తారు. తప్పును ఇద్దరికీ పంచుతారు.

సైకిల్‌కు లైటు, రిఫ్లెక్టరు లేవు. పరిహారం రాదంటున్నారు. నిజమేనా?

నిజం కాదు. బీమా కంపెనీ లాయరు మొదట అనే మాట అది. లైటు లేకపోవడం వల్లే ప్రమాదం జరిగిందా అన్నది ముఖ్యం. పగలు పదకొండు గంటలకు జరిగినదానికి లైటు ప్రసక్తే రాదు. చీకట్లో జరిగితే, వీధిదీపాలు లేని రోడ్డు అయితే, సైకిలాయన వాటా కింద కొంత శాతం తీసేస్తారు.

అది ఎట్లా తీస్తారో లెక్క చూడండి. 45 ఏళ్ల బేల్దారి, నెలకు 15,000 సంపాదన, ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి. సంవత్సరానికి 1,80,000. సొంతంగా పనిచేసుకునేవాళ్లకు 40 నుంచి 50 ఏళ్ల మధ్య అయితే మున్ముందు పెరిగే ఆదాయం కింద 25 శాతం కలపాలని 2017లో ప్రణయ్ సేఠీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పుడు 2,25,000. ఆధారపడ్డవాళ్లు నలుగురు కాబట్టి ఆయన సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీస్తే 1,68,750. ఆ వయసుకు సుప్రీంకోర్టే ఇచ్చిన సర్లా వర్మ తీర్పు ప్రకారం 14తో గుణిస్తారు, 23,62,500 వస్తుంది. అంత్యక్రియల ఖర్చు, భర్తను కోల్పోయినందుకు ఇచ్చేది దీనికి వేరేగా కలుస్తాయి. సైకిలాయన వాటా తప్పు 20 శాతం అని ట్రిబ్యునల్ తేల్చిందనుకుందాం. అప్పుడూ పైన చెప్పిన మొత్తంలో 18,90,000 చేతికి రావాలి. ఆ డబ్బును 'లైటు లేదు కదా' అన్న ఒక్క మాటకు వదిలేసుకున్న ఇళ్లున్నాయి.

జీతం కాగితాలు లేవని భయపడొద్దు. మేస్త్రీ వచ్చి కూలి ఎంత ఇచ్చేవాడో సాక్ష్యం చెప్పొచ్చు. ఏ ఆధారమూ లేకపోయినా కోర్టు న్యాయమైన ఆదాయాన్ని అంచనా వేస్తుంది. ఇంటిపని చేసే ఆడవాళ్లకు కూడా ఆదాయం లెక్క కడతారు.

హెల్మెట్ పెట్టుకోలేదు?

సైకిల్‌కు హెల్మెట్ తప్పనిసరి అని చట్టంలో లేదు. ఆ రూలు మోటార్‌సైకిళ్లకు. పెట్టుకుంటే తలకు మంచిదే.

సైకిల్‌కు ఇన్సూరెన్స్, లైసెన్సు లేవు. కేసు వేస్తే మా మీదికే వస్తుందేమో?

సైకిల్ మోటారు వాహనం కిందికి రాదు. దానికి రిజిస్ట్రేషన్, లైసెన్సు, బీమా ఏవీ అక్కర్లేదు. మీకు పరిహారం వచ్చేది గుద్దిన బండికి ఉన్న థర్డ్ పార్టీ బీమా, అంటే ఆ బండి వల్ల బయటివాళ్లకు జరిగే నష్టానికి చేయించే బీమా నుంచి.

బ్యాటరీ సైకిళ్ల విషయంలో మాత్రం చూసుకోండి. మోటారు 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉంటేనే ఈ మినహాయింపు. అది దాటితే మోటారు బండే.

చిన్నపిల్లాడు సందులోంచి సైకిల్ మీద దూసుకొచ్చాడు. డ్రైవరు ఏం చేయగలడు?

డ్రైవరు తప్పు ఏమీ లేని సందర్భాలు నిజంగానే ఉంటాయి. కానీ పిల్లల దగ్గర 'నువ్వెందుకు జాగ్రత్తగా లేవు' అనే వాదన కోర్టుల్లో తేలిగ్గా చెల్లదు. పెద్దవాళ్లకుండే ముందుచూపు ఏడెనిమిదేళ్ల పిల్లలకు ఉండదని కోర్టులకు తెలుసు. బడి ముందు, ఇళ్ల మధ్య స్పీడు తగ్గించాల్సిన బాధ్యత డ్రైవరుదే. వయసు పెరిగేకొద్దీ పిల్లల వాటా కూడా చూస్తారు. పదో తరగతి పిల్లను, రెండో తరగతి పిల్లాడిని ఒకేలా చూడరు.

దీనికి తిరగేసిన ప్రశ్న కూడా అడుగుతుంటారు. పదహారేళ్ల అబ్బాయి నాన్న బండి తీసుకుపోయి సైకిలాయనను గుద్దితే? మోటారు వాహనాల చట్టం సెక్షన్ 199ఎ ప్రకారం నేరం తండ్రిది లేదా బండి ఓనరుది. మూడేళ్ల దాకా జైలు, 25,000 జరిమానా, ఏడాది పాటు బండి రిజిస్ట్రేషన్ రద్దు. 'మావాడు బాగా నడుపుతాడు' అని గర్వంగా చెప్పుకునే తండ్రులకు ఈ సెక్షన్ చదివి వినిపించాలనిపిస్తుంది.

రాత్రి రోడ్డు మీద ఆపిన ట్రాక్టరుకు సైకిలాయనే పోయి గుద్దుకున్నాడు. అప్పుడూ ట్రాక్టరుదేనా?

చాలావరకు అవును. పార్కింగ్ లైటు లేకుండా, వెనక ఎర్ర రిఫ్లెక్టరు లేకుండా, సగం రోడ్డు ఆక్రమించి ట్రాలీ నిలబెట్టడమే నిర్లక్ష్యం. బండి ఆగి ఉన్నా ట్రిబ్యునల్‌లో కేసు వేయొచ్చు. ఆగిన కారు తలుపు వెనక చూడకుండా తెరిచి సైకిల్ మనిషిని పడేసినా ఇదే లెక్క.

మన జిల్లాలో ఇంకొకటి ఉంది. ఉలవ కట్టె, కంది కట్టె, కొర్రలు తారు రోడ్డు మీద పరిచి బండ్ల చేత తొక్కించడం. కుప్ప చుట్టూ రాళ్లు పెడతారు, నూర్పిడి అయ్యాక గింజలు ఎత్తుకుపోతారు కానీ రాళ్లు అక్కడే ఉంటాయి. అంచున పోయే సైకిల్ ఆ కుప్పను తప్పించుకోబోయి రోడ్డు మధ్యకు వస్తుంది, వెనక వచ్చే బండి గుద్దుతుంది. గుద్దిన డ్రైవరుకు బాధ్యత ఉంది, కుప్ప పోసినవాళ్లకూ ఉంది. రెండు వైపుల తప్పు కలిసి మూడో మనిషి దెబ్బ తిన్నప్పుడు ఆ మూడో మనిషి వాళ్లలో ఎవరి దగ్గరైనా మొత్తం అడగొచ్చని 2015లో సుప్రీంకోర్టు తేల్చింది. వాటాలు వాళ్లలో వాళ్లు తేల్చుకోవాలి. రైతుకు కళ్లం లేదన్నది నిజమైన కష్టమే, దానికి పరిష్కారం పంచాయతీ చూపాలి. సైకిలాయన ప్రాణంతో ఆ కష్టం తీర్చుకోకూడదు.

రోడ్డు గుంతల వల్ల జరిగితే?

గుంత ఫోటో, కొలతలు తీసుకోండి. రోడ్డును నిబంధనల ప్రకారం కట్టకపోయినా, చూసుకోకపోయినా ఆ కాంట్రాక్టరుకో, సంస్థకో లక్ష రూపాయల దాకా జరిమానా వేసే సెక్షన్ 198ఎ మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణలో వచ్చింది. ఏ మోటారు బండీ తగలకుండా సైకిల్ ఒక్కటే పడితే అది ట్రిబ్యునల్ పరిధిలోకి రాదు, సివిల్ కోర్టుకు పోవాలి.

గుద్ది ఆపకుండా వెళ్లిపోయారు. నంబరు ఎవరూ చూడలేదు.

అయినా ఎఫ్ఐఆర్ పెట్టించండి. బండి దొరకని కేసుల్లో ప్రాణం పోతే 2 లక్షలు, తీవ్ర గాయాలైతే 50,000 ఇచ్చే పథకం 2022 ఏప్రిల్ 1 నుంచి ఉంది. దరఖాస్తు రెవెన్యూ అధికారుల దగ్గర, అంటే ఆర్డీవో ఆఫీసులో ఇవ్వాలి. కలెక్టరు మంజూరు చేస్తారు. ఈ పథకం ఉందన్న సంగతే ఊళ్లలో తెలీదు. తర్వాత బండి దొరికితే పూర్తి పరిహారానికి కేసు వేసుకోవచ్చు, అప్పుడు తీసుకున్నది సర్దుతారు.

డ్రైవర్లకు కూడా ఒక మాట. గుద్దాక ఆగి, ఆస్పత్రికి చేర్చి, పోలీసులకు చెప్పడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 134 ప్రకారం మీ బాధ్యత. జనం కొడతారన్న భయం నిజమైతే అక్కడ ఆగకపోవడాన్ని చట్టం అర్థం చేసుకుంటుంది. కానీ దగ్గరి స్టేషన్‌కు పోవాలి, ఎంత ఆలస్యమైనా 24 గంటల్లో చెప్పాలి. భయపడి స్టేషన్‌కు పోయినవాడు వేరు, కర్ణాటక బార్డరు దాటి బంపరు మార్పించుకున్నవాడు వేరు.

దెబ్బ తగిలినవాళ్లను ఆస్పత్రికి తీసుకుపోతే మమ్మల్ని ఇరికిస్తారేమో?

ఇరికించలేరు. సెక్షన్ 134ఎ మీకు రక్షణ. పేరు చెప్పమని, సాక్షిగా రమ్మని బలవంతం చేయకూడదు. 108కి ఫోన్ చేయండి. హైవే మీద అయితే 1033 కూడా పనిచేస్తుంది.

ఆస్పత్రి ఖర్చు ఎవరు పెట్టుకోవాలి?

మోటారు బండి వల్ల గాయపడ్డవాళ్లకు ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల పాటు లక్షన్నర దాకా నగదు లేకుండా వైద్యం చేసే కేంద్ర పథకం 2025 మేలో నోటిఫై అయింది. సైకిల్ మీద ఉన్నవాళ్లకూ వర్తిస్తుంది. తప్పు ఎవరిదో తేలేదాకా ఆగమని ఎవరూ అనకూడదు. దాంతోపాటు ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు చూపించండి. సర్వజన ఆస్పత్రి నుంచి కర్నూలుకో, బెంగళూరుకో రాసిస్తే ప్రతి బిల్లూ, అంబులెన్సు రసీదుతో సహా దాచండి.

ఆస్పత్రిలో చేర్చేటప్పుడు రోడ్డు ప్రమాదం అనే రాయించండి, మెడికో లీగల్ కేసుగా, అంటే ఆస్పత్రివాళ్లు పోలీసులకు తెలియజేసే కేసుగా నమోదు కావాలి. పోలీసు గొడవ ఎందుకని 'సైకిల్ మీంచి జారిపడ్డాడు' అని రాయిస్తే, ఆ ఒక్క వాక్యంతో తర్వాత కేసు మొత్తం కూలిపోతుంది.

కాలు విరిగి అతుక్కున్నాక డాక్టరు 30 శాతం వైకల్యం అని రాశాడనుకోండి. గుమాస్తాకు, బేల్దారికి దాని నష్టం ఒకటి కాదు. ఇంక పరంజా ఎక్కలేని బేల్దారికి సంపాదన సగానికి పైగా పోతుంది. ఆయన చేసే పనికి ఎంత నష్టం అన్నది చూడాలని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇది మీ లాయరుకు గుర్తు చేయండి.

బండికి ఇన్సూరెన్స్ లేదు. ఓనరు కూడా అమ్మేశాను అంటున్నాడు.

బీమా లేకపోతే ఓనరే సొంతంగా కట్టుకోవాలి. అమ్మేసినా ఆర్‌సీ ఎవరి పేరు మీద ఉంటే వాళ్లే ఓనరు, సుప్రీంకోర్టు 2018లో స్పష్టంగా చెప్పింది. సెకండ్‌హ్యాండ్ బండి అమ్మి, పేరు మార్పించకుండా సంతకం పెట్టిన ఫారాలు చేతికిచ్చి పంపే అలవాటు మనదగ్గర బాగా ఉంది. ఆ బండి మూడు చేతులు మారి ఎక్కడో సైకిలాయనను గుద్దితే నోటీసు మీ ఇంటికే వస్తుంది.

ఆర్టీసీ బస్సు అయితే సంస్థ మీదే కేసు వేయాలి, అద్దె బస్సు అయితే ఓనరును, బీమా కంపెనీని కూడా చేర్చాలి.

స్టేషన్ దగ్గర పెద్దమనుషులు కూర్చోబెట్టి మాట్లాడుతున్నారు. ఇరవై వేలు ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?

నేను చూసినవాటిలో సైకిల్ కుటుంబాలు ఎక్కువగా నష్టపోయింది కోర్టులో కాదు, స్టేషన్ బయట చెట్టు కింద జరిగే ఈ పంచాయితీల్లోనే. ఒక కాగితం చూశాను. అందులో దెబ్బ తిన్న మనిషి పేరు కంటే ముందు 'ఇకమీదట ఎలాంటి కేసులు వేయము' అన్న వాక్యం ఉంది. కింద ఆయన భార్య వేలిముద్ర. ఆయన అప్పటికింకా ఐసీయూలోనే ఉన్నాడు. ఎన్ని ఆపరేషన్లు పడతాయో డాక్టరుకే తెలియని రోజున, వాటి ఖరీదు ఇరవై వేలని నలుగురు బయటివాళ్లు తేల్చేశారు.

తక్షణ ఖర్చుకు డబ్బు ఇస్తే తీసుకోండి, రసీదు రాసివ్వండి. 'వైద్యం కోసం తీసుకున్నాము' అని మాత్రమే రాయండి. కేసు వేయము అన్న కాగితం మీద సంతకం వద్దు. ఇప్పటికే పెట్టి ఉంటే అంతా అయిపోయిందని అనుకోవద్దు, లాయరును కలవండి.

బండి నడిపినవాళ్లకూ ఈ రాజీ మేలు చేయదు. కంపెనీని అడగకుండా తప్పు ఒప్పుకోకూడదని, డబ్బు మాట ఇవ్వకూడదని బీమా పాలసీలోనే ఉంటుంది. రేపు కుటుంబం ట్రిబ్యునల్‌కు పోతే మీరు ఇచ్చిన ఇరవై వేలు పోతుంది, పైగా కంపెనీ మీ మీద అభ్యంతరం పెడుతుంది. ప్రాణం పోయిన కేసును ఇంటివాళ్లు రాజీ పడ్డామన్నంత మాత్రాన స్టేషన్‌లో మూసేయడం కుదరదు.

రాజీయే కావాలంటే దానికి సరైన చోటు లోక్ అదాలత్. కేసు వేశాక జడ్జి ముందు, బీమా కంపెనీ కూర్చుని మాట్లాడుతుంది. ఒప్పుకున్న మొత్తానికి తీర్పంత విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు. అందుకే ఒప్పుకునే ముందు పైన చెప్పిన లెక్క వేసుకుని వెళ్లండి.

తప్పు మాదే అనిపిస్తోంది. ఇంక కేసు వేయడం దండగే కదా?

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 164 కింద వేయొచ్చు. ఎవరిది తప్పు అన్నది నిరూపించే పనే లేదు. ప్రాణం పోతే 5 లక్షలు, తీవ్ర గాయమైతే రెండున్నర లక్షలు. అది తీసుకుంటే సెక్షన్ 166 కింద, అంటే ఎదుటివాళ్ల తప్పు చూపించి పూర్తి పరిహారం అడుగుతూ వేసిన పెద్ద క్లెయిము రద్దవుతుంది. కాబట్టి ఏది ఎక్కువ మేలో ముందే చూసుకోవాలి. 'తప్పు మాదే' అని మీరు అనుకోవడం వేరు, నిజంగా తప్పు మీదవడం వేరు. పేదవాళ్లు తప్పును త్వరగా తమ మీద వేసుకుంటారు.

మరి నిజంగా సైకిలాయన తప్పుతోనే మోటార్‌సైకిల్ మనిషి పడిపోయి దెబ్బ తగిలితే?

సైకిల్ మోటారు బండి కాదు కాబట్టి ఆయన మీద ట్రిబ్యునల్‌కు పోలేరు. సివిల్ కోర్టులో దావా వేయొచ్చు. కానీ రోజు కూలి మనిషి దగ్గర నుంచి రాబట్టేదేముంటుంది? అందుకే బండి ఓనర్లు తమ పాలసీలో 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉందో లేదో చూసుకోవాలి. నడుపుతున్నది ఓనరే అయి, లైసెన్సు ఉండి, ప్రాణం పోయినా, పూర్తి వైకల్యం వచ్చినా అది ఆదుకుంటుంది.

వేరే దేశాల్లో ఎట్లా ఉంది?

ఫ్రాన్స్‌లో 1985 నుంచి ఉన్న చట్టం ప్రకారం మోటారు బండి వల్ల గాయపడ్డ సైకిల్ మనిషికి, క్షమించరాని తప్పు చేస్తే తప్ప, పరిహారం ఆపరు. పదహారేళ్ల లోపు పిల్లలకు, డెబ్బై దాటినవాళ్లకు ఇంకా గట్టి రక్షణ ఉంది. నెదర్లాండ్స్‌లో పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు దాదాపు పూర్తి పరిహారం, పెద్దవాళ్లకు సాధారణంగా కనీసం సగం బండి వైపు నుంచే. బ్రిటన్‌లో 2022లో హైవే కోడ్ మార్చి, ఎక్కువ హాని చేయగల బండి నడిపేవాళ్లకే ఎక్కువ బాధ్యత అని రాశారు. సైకిల్‌ను దాటేటప్పుడు కనీసం మీటరున్నర దూరం ఇవ్వాలని కూడా చెప్పారు.

మనకూ అలాంటిది రావాలని నా కోరిక. మన 164 ఆ దారిలో ఒక అడుగే, కానీ ఐదు లక్షల దగ్గర ఆగిపోయింది. గాయపడ్డ మనిషే తన తప్పు లేదని నిరూపించుకుంటూ తిరగడం కంటే, తాను జాగ్రత్తగానే నడిపానని బండి నడిపినవాళ్లు నిరూపించుకోవడం న్యాయం అనిపిస్తుంది.

ఎంతలోగా, ఎక్కడ కేసు వేయాలి? లాయరు ఫీజు కట్టలేము.

ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోగా వేయాలని 2019 సవరణ చెప్తోంది, అది 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. ఆలస్యం చేయొద్దు, అయిపోయినా లాయరును అడగకుండా వదలొద్దు. ప్రమాదం జరిగినచోట వేయొచ్చు, మీరు ఉండే ఊరి పరిధిలో వేయొచ్చు, ఎదుటివాళ్లు ఉండేచోట కూడా వేయొచ్చు. బెంగళూరు దగ్గర సైకిల్ మీద పనికి పోతూ గుద్దించుకున్న మన ఊరి మనిషి అనంతపురంలోనే వేసుకోవచ్చు.

పోలీసులు కూడా 48 గంటల్లో మొదటి రిపోర్టు, 90 రోజుల్లో పూర్తి వివరాల రిపోర్టు ట్రిబ్యునల్‌కు పంపాలి. పంపారా లేదా అని కనుక్కుంటూ ఉండండి.

ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు, ఆదాయం తక్కువున్నవాళ్లకు లాయరు ఉచితం. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగండి, లేదా 15100కి ఫోన్ చేయండి. పోయేటప్పుడు ఎఫ్ఐఆర్ కాపీ, ఆస్పత్రి కాగితాలు, ఆధార్, రేషన్ కార్డు, గుద్దిన బండి నంబరు, సైకిల్ ఫోటోలు పట్టుకుపోండి. ప్రాణం పోయి ఉంటే పోస్టుమార్టం రిపోర్టు, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్టు కూడా కావాలి. ఏదైనా ఒక కాగితం లేదని ఆగిపోవద్దు, ఉన్నవాటితో ముందు వెళ్లండి, మిగతావి లాయరే తెప్పిస్తాడు.